స్టీరాయిడ్ హార్మోన్లు: రక్తం గడ్డకట్టడం, గడ్డ కరగడం

లైంగిక హార్మోన్లు, అడ్రినల్ హార్మోన్లు, వాటి కృత్రిమ రూపాలు రక్తస్కందనంపైనా, ఏర్పడిన ఫైబ్రిన్ గడ్డను ప్లాస్మిన్ కరిగించే ప్రక్రియపైనా చూపే ప్రభావం. ఇవన్నీ ఒకే దిశలో పనిచేయవు. స్కందన కారకాల్లో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి కనుక, హార్మోను ఏదన్న దానితో పాటు అది కాలేయాన్ని ఏ దారిన, ఎంత మోతాదులో చేరిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఈస్ట్రోజెన్లు: ఇవి గడ్డల ముప్పును పెంచుతాయన్న సంగతి వైద్యుల దృష్టికి వచ్చింది ప్రధానంగా గర్భనిరోధక మాత్రల వల్లనే. తొలి మాత్ర ఎనోవిడ్‌కు అమెరికాలో గర్భనిరోధకంగా అనుమతి దొరికిన తేదీని కొందరు 1960 మే 9 అనీ, కొందరు జూన్ 23 అనీ రాస్తారు. మొదటిది ప్రకటన వెలువడిన రోజు, రెండోది లాంఛనంగా ఆమోదం పొందిన రోజు. రెండోదాన్ని తీసుకోవడమే సబబు. 1961లో ఇంగ్లండులోని సఫోక్ వైద్యుడు జోర్డాన్, ఎండోమెట్రియోసిస్‌కు ఇదే మందు వాడుతున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిన ఉదంతాన్ని లాన్సెట్ పత్రికకు రాశారు. ఒక్క రోగి ఉదంతంతో ఏదీ రుజువు కాదు. 1967–68లో ఇన్‌మన్, వెసీ, డాల్ బ్రిటన్‌లో జరిపిన అధ్యయనాలతోనే సంబంధం స్థిరపడిందని చెప్పాలి. ఈస్ట్రోజెన్ 50 మైక్రోగ్రాములు మించని మాత్రలే వాడాలని 1969 డిసెంబరులో అక్కడి ఔషధ భద్రతా సంఘం సూచించింది. ఎనోవిడ్ తొలి మాత్రలో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములుండేది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే మరో ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములే. రెండూ ఒకే పదార్థం కానందున ఈ పోలిక స్థూలమైనది.

మింగిన ఈస్ట్రోజెన్ పేగు నుంచి ముందుగా కాలేయానికే వెళుతుంది. ఫైబ్రినోజెన్, 2, 7, 8, 10 కారకాలు పెరుగుతాయి. స్కందనాన్ని అణచే యాంటీథ్రాంబిన్, ప్రొటీన్ ఎస్ తగ్గుతాయి. విడివిడిగా చూస్తే ఇవి చిన్న మార్పులే, చాలావరకు సాధారణ పరిధి దాటవు. చర్మంపై అంటించే పట్టీ ద్వారా ఇచ్చిన ఈస్ట్రడయాల్‌తో ముప్పు పెరిగినట్టు 2003లో ప్రచురితమైన ఫ్రాన్సు ఎస్తర్ అధ్యయనంలో కనిపించలేదు. దీన్నిబట్టి పట్టీలన్నీ నిరపాయమనుకోకూడదు. కొన్ని పట్టీల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ త్వరగా విచ్ఛిన్నం కాదు. ఏ దారిన ఇచ్చినా కాలేయాన్ని కదిలిస్తుంది.

ప్రొజెస్టోజెన్ల వివాదం: మాత్రల్లో ఈస్ట్రోజెన్‌తో పాటు ఉండే ప్రొజెస్టోజెన్లలో కొత్తవైన డెసోజెస్ట్రెల్, జెస్టోడిన్ ఉన్న మాత్రలతో గడ్డల ముప్పు లీవోనార్‌జెస్ట్రెల్ మాత్రలకంటే ఎక్కువని 1995లో కొన్ని అధ్యయనాలు చెప్పగా, ముప్పు ఎక్కువున్న స్త్రీలకే కొత్త మాత్రలు రాయడం వల్ల అలా కనిపించిందని ప్రత్యర్థులు వాదించారు. ఉత్తేజిత ప్రొటీన్ సి స్కందనాన్ని అణచలేని స్థితిని 1993లో స్వీడన్‌కు చెందిన డాల్‌బెక్ వర్ణించారు. అలాంటి స్థితే మాత్రలు వాడేవారిలో, అందులోనూ కొత్త మాత్రలు వాడేవారిలో ఎక్కువగా ఏర్పడుతుందని 1997లో నెదర్లాండ్స్‌కు చెందిన రోసింగ్ బృందం చూపాక ఆ వాదన బలం కొంత తగ్గింది. 2013 నాటి ఐరోపా ఔషధ సంస్థ అంచనాలో, మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి గడ్డలు ఏర్పడితే లీవోనార్‌జెస్ట్రెల్ మాత్రలతో 5–7 మందికి, డెసోజెస్ట్రెల్‌తో 9–12 మందికి ఏర్పడతాయి.

గడ్డ కరగడం: ఇక్కడ పాత, కొత్త కథనాలకు పొంతన కుదరదు. మాత్రలు వాడేవారి సిరల గోడల్లో గడ్డను కరిగించే శక్తి తగ్గుతుందని 1970ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు రాశారు. రక్తపు ప్లాస్మాలో మాత్రం ఆ ప్రక్రియకు అడ్డుపడే పీఏఐ-1 తగ్గి, కరిగించే శక్తి పెరిగినట్టే పరీక్షల్లో తేలింది. అయితే మాత్రలతో థ్రాంబిన్ ఎక్కువగా పుట్టి, గడ్డను కాపాడే టాఫీ అనే ఎంజైమును చురుకుపరుస్తుందనీ, పెరిగిన శక్తి దాంతో చెల్లుకు చెల్లవుతుందనీ డచ్ పరిశోధకుల వివరణ. ఉన్నవాటిలో ఇదే ఎక్కువ సమంజసం.

ఇతర స్టీరాయిడ్లు: స్టానోజొలాల్, డానజోల్ వంటి ఆండ్రోజెన్ వర్గపు మందులు ప్లాస్మినోజెన్‌ను, ప్రొటీన్ సిని పెంచి పీఏఐ-1ను తగ్గిస్తాయి. ఇంగ్లండులో గ్లౌస్టర్ వైద్యుడు ఫియర్న్‌లీ ఇథైలీస్ట్రెనాల్‌ను మధుమేహపు మందు ఫెన్‌ఫార్మిన్‌తో కలిపి గడ్డ కరిగే శక్తిని పెంచే ప్రయత్నం చేశారు. పరీక్షల అంకెలు మెరుగైనంత మాత్రాన గడ్డలు ఆగుతాయని నిరూపణ కాలేదు. పైగా డానజోల్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలదు. కుషింగ్ వ్యాధిలో కార్టిసాల్ అధికమై 8వ కారకం, వాన్ విల్లీబ్రాండ్ కారకం, పీఏఐ-1 పెరుగుతాయి. మందుగా ఇచ్చిన కార్టికోస్టీరాయిడ్ల విషయంలో ముప్పు మందుదా, అసలు జబ్బుదా అని విడదీయడం కష్టం. ఆల్డోస్టిరాన్ కూడా పీఏఐ-1ను పెంచవచ్చని ప్రయోగశాల ఆధారాలున్నాయి.

పెళ్లికో వ్రతానికో నెలసరిని వాయిదా వేయడానికి మన ఇళ్లలో వాడే నోరెథిస్టిరాన్ ఈ చర్చలోకి అరుదుగా వస్తుంది. శరీరంలో అది స్వల్పంగా ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. ఆ వాడకంలో రోజు మోతాదు సాధారణంగా 15 మిల్లీగ్రాములు కాబట్టి ఆ స్వల్పాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తమకో దగ్గరి రక్తసంబంధీకులకో గతంలో సిరల్లో గడ్డలు వచ్చి ఉంటే, ఆ మాత్ర కొనేముందు వైద్యులకు ఆ సంగతి చెప్పాలి.