ధూపము – మశకము – సత్యము



పంచోపచారములలో ధూపము వాయుతత్త్వమునకు ప్రతీక. సాయంసంధ్యావేళ ఆలయములలోను, గృహములలోను వెలువడు గుగ్గులు, సాంబ్రాణి ధూపము కేవలము సుగంధార్థమా, లేక రోగవాహకములైన దోమలను తరుము ఉపాయము కూడనా అను సందేహము భక్తులలో తరచుగా కలుగుచున్నది. సమాధానమునకై ముందుగా మూలగ్రంథములను ఆశ్రయించుట యుక్తము.

సుశ్రుత సంహిత సూత్రస్థానమున, వ్రణపీడితుడు శయనించు గృహమునందు ఆవాలు, వేపాకు, నెయ్యి, లవణము కలిపి దినమునకు రెండు పర్యాయములు, పది దినములు ధూపము వేయవలెనని విధింపబడినది. చరక సంహిత శారీరస్థానమున శిశువు వస్త్రములను, శయ్యను యవలు, ఆవాలు, ఇంగువ, గుగ్గులు, వస మున్నగు ద్రవ్యములను నేతితో కలిపి ధూపింపవలెనని కలదు. కాశ్యప సంహితలో ధూపకల్పమను ప్రత్యేకాధ్యాయమే ఉన్నది. సుశ్రుత చరకుల ఈ విధులు రక్షార్థము, శుద్ధ్యర్థము చెప్పబడినవి; వీనియందు మశకప్రసక్తి లేదు.

మశకములను సుశ్రుతుడు వేరొకచోట, కల్పస్థానమున పేర్కొనెను. సాముద్రము, పరిమండలము, హస్తిమశకము, కృష్ణము, పార్వతీయము అని అవి ఐదు విధములు. వాని కాటు వలన తీవ్రమైన దురద, వాపు కలుగుననియు, పార్వతీయము కాటు మాత్రము ప్రాణాంతక కీటకముల కాటుతో సమానమనియు ఆయన చెప్పెను. దీనిని ఆధారముగా గొని, మలేరియా రహస్యము ప్రాచీనులకు పూర్వమే విదితమని కొందరు వాదింతురు. అది గ్రంథమునకు న్యాయము చేయు వాదము కాదు. విషమజ్వరమును సుశ్రుతుడు ఉత్తరతంత్రమున జ్వరప్రకరణములో వివరించెను. అచట దోమను కారణముగా నిలుపలేదు. లేని మాటను ఋషికి ఆరోపించుట గురుభక్తి కానేరదు.

ఆ సంబంధము వెల్లడియైనది తెలుగునేలపైననే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదున రోనాల్డ్ రాస్, రోగి రక్తమును త్రాగిన అనాఫిలిస్ దోమ జఠరమున మలేరియా పరాన్నజీవిని దర్శించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

మరి ఓషధుల శక్తి మిథ్యయా? కాదు. దోమ మానవుని నిశ్వాసవాయువును, శరీరగంధమును బట్టి సమీపించును. వేప, వావిలి, నిమ్మగడ్డి వంటి వానిలోని గంధద్రవ్యములు దానిని దూరము చేయునని పరీక్షలు తెలిపినవి. కాని తైలములు శీఘ్రముగా గాలిలో కలిసిపోవును గనుక వాని రక్షణ అల్పకాలికము. ఆస్ట్రేలియాకు చెందిన నిమ్మవాసన నీలగిరి చెట్టు నుండి గ్రహించు పి.ఎం.డి. అను ద్రవ్యము అధికకాలము నిలుచును. అయినను మూడేండ్లలోపు శిశువులకు దానిని పూయరాదు.

డెంగీని వ్యాపింపజేయు దోమ పగటివేళ కుట్టును. సంధ్యాధూపము దానికి చాలదు. దట్టమైన పొగ పసిబిడ్డల శ్వాసకు హానికరము. ఆ దోమ పుట్టునది నిలిచిన నీటియందు: పూలకుండీల క్రింది పళ్ళెములలో, మూతలేని తొట్లలో, ఆలయప్రాంగణమున పడియున్న కొబ్బరిచిప్పలలో. స్వామికి నారికేళము సమర్పించిన చేతులే ఆ చిప్పలను తొలగింపవలెను. ధూపము ఉపచారము, శౌచము ధర్మము. రెండవది లేక మొదటిది రక్షింపజాలదు.

స్వస్తి.