పెరటి నీడచెట్టు ఎంపిక

ఇంటి ఆవరణలో ఎండవేడిని తగ్గించి, కూర్చోవడానికీ పనిపాటలు చేసుకోవడానికీ చల్లని చోటు కల్పించేందుకు పెంచే వృక్షాన్ని నీడచెట్టు అంటారు. పండు, పువ్వు, కలప వంటి ప్రయోజనాలు దానికి ఉండవచ్చు గాని అవి అనుబంధాలే. వెడల్పుగా పరుచుకునే కొమ్మల గుబురు, నడివేసవిలో నిలిచే ఆకు, గాలికి ఓర్చుకునే మాను ముఖ్య లక్షణాలు. నాటిన రెండు మూడేళ్ల తరువాత నీరు, ఎరువు, మందులు, ఏటేటా కొమ్మల నరికివేత అవసరం లేకుండా తనంతట తాను బతికే చెట్టును తక్కువ పోషణ చాలే చెట్టుగా లెక్కిస్తారు. ఈ గుణం జాతిని బట్టి కొంత, నాటిన చోటును బట్టి అంతకంటె ఎక్కువ ఏర్పడుతుంది. గోడకు ఏడెనిమిది అడుగుల్లో నాటిన కానుగ ఏటా గొడ్డలి కోరుతుంది. అదే కానుగ పాతిక అడుగుల ఎడంలో ఉంటే దశాబ్దాల పాటు మనిషి చేయి తగలకుండానే పెరుగుతుంది.

అందువల్ల జాతికంటె ముందు దిక్కును నిర్ణయించుకోవాలి. తెలుగు ప్రాంతాలు సుమారు 13 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉండడంతో వేసవిలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడు. హైదరాబాదులో మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు వస్తువుల నీడను వాటి పాదాల కిందికే చేరుస్తాడు. ఆ వేళ చెట్టు నీడ కూడా దాని మొదట్లోనే పడుతుంది కనుక ఇంటికి దక్కేది తక్కువ. ఇంటిని అసలు కాల్చేది మూడు గంటల తరువాత పడమటి గోడపై ఏటవాలుగా పడే ఎండ. జూన్ మాసంలో సూర్యుడు నేరు పడమరకు ఇరవై డిగ్రీలకు పైగా ఉత్తరంగా అస్తమిస్తాడు గనుక పడమర, వాయవ్య దిక్కుల్లోని చెట్టు అన్నిటికంటె ఎక్కువ మేలు చేస్తుంది. సమశీతోష్ణ దేశాల తోటపని పుస్తకాలు దక్షిణ దిక్కును సిఫారసు చేయడం అక్కడి సూర్యగతికి తగినదే గాని, ఇక్కడ దక్షిణాన నాటిన చెట్టు ఎండ హాయిగా ఉండే చలికాలంలో నీడనిచ్చి, నీడ కావలసిన వేసవిలో ఇంటిని వదిలేస్తుంది.

నీడ ఒక్కటే చల్లదనానికి కారణం కాదు. వేళ్లు పీల్చిన నీరు ఆకుల్లోని సూక్ష్మరంధ్రాల గుండా ఆవిరి కావడాన్ని బాష్పోత్సేకం అంటారు. ఆ ఆవిరి తనతో కొంత వేడిని తీసుకుపోతుంది కాబట్టి చెట్టు కింది గాలి రేకుల పందిరి కింది గాలి కంటె చల్లగా ఉంటుంది. ఇందుకు ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నిండా ఆకు ఉండి తీరాలి. చాలామంది ఈ విషయం గమనించకుండా కలప విలువను చూసి పెరట్లో టేకు నాటుతారు; అది నడివేసవిలో మోడుగా నిలబడి వానలు పడ్డాకనే పూర్తిగా చిగురిస్తుంది. అశోక అనే పేరుతో నర్సరీల్లో విరివిగా అమ్ముడుపోయే నిట్రాటి నరమామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉన్నా కొమ్మలు కిందికి వేలాడడం వల్ల ఒక మంచం పట్టేంత నీడ కూడా ఇవ్వదు.

ఈ కొలతలన్నిటికీ బాగా తూగేది కానుగ. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకుంటుంది కాబట్టి ఎరువు కోరదు. ఎర్రనేల, నల్లరేగడి, ఇసుక, కొంత ఉప్పదనం ఉన్న తీరభూమి, వానాకాలంలో నీరు నిలిచే పల్లం, అన్నిటినీ ఓర్చుకుంటుంది. శిశిరాంతంలో కొద్ది రోజులు మాత్రమే ఆకు రాల్చి, ఉగాది నాటికి నిగనిగలాడే లేత చిగురు తొడిగి, ఎండలు ముదిరేసరికి దట్టమైన గొడుగు పడుతుంది. ఆకు చేదు కావడంతో పశువులు అంతగా ముట్టవు. ఆ ఆకునే రైతులు తరతరాలుగా వరిమళ్లలో పచ్చిరొట్టగా తొక్కారు, గింజల నూనెను దీపాలకు వాడారు. ఆకులపై బుడిపెలు, మచ్చలు తరచు కనిపించినా చెట్టుకు వాటివల్ల ముప్పు లేదు, మందు చల్లడం అనవసరం. రాలే పూలూ కాయలూ ఊడ్చుకోవలసి రావడం, వేళ్లనుంచి అక్కడక్కడా పిలకలు లేవడం, పూతకాలంలో తేనెటీగలు ముసరడం దీని లోపాలు. గింజలు తినదగినవి కావు గనుక పసిపిల్లలున్న ఇళ్లలో కాయలు ఏరివేయడం మంచిది.

వేపకు కానుగకంటె గౌరవం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ దానిని రాష్ట్ర వృక్షంగా స్వీకరించింది. నీరు తక్కువైన నేలలో వేపను మించిన నీడచెట్టు అరుదు గాని, అది నలభై యాభై అడుగుల ఎత్తుకు పెరిగి విశాలంగా పరుచుకుంటుంది కనుక చిన్న పెరటికి ఒదగదు. నీరు నిలిచే నేలలో బతకదు. 2021, 2022 సంవత్సరాల్లో తెలంగాణలోనూ చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ వేపచెట్ల కొమ్మలు కొసలనుంచి ఎండిపోయాయి. లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం ఇందుకు కారణాలని శాస్త్రవేత్తలు గుర్తించారు. చచ్చిపోయాయనుకున్న చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి కాబట్టి, ఎండిన కొమ్మలు చూసి తొందరపడి వేపను మొదలంటా నరకకూడదు.

ఇరుకైన పెరటికి పొగడ తగినది. ఎన్నడూ ఆకంతా ఒకేసారి రాల్చకుండా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లను సతతహరితాలంటారు. పొగడ ఆ కోవలోది, గుండ్రని గుబురుతో, రాలినా వాసన వీడని పూలతో ఉంటుంది. పెరుగుదల మాత్రం నిదానం, నీడకు పదేళ్లయినా ఆగాలి. ఆ ఓపిక ఉన్న గృహస్థుకు అంతకంటె మంచి చెట్టు దొరకదు. దేవకాంచనం త్వరగా ఎదుగుతుంది గాని నీడ పలుచన. నాటుబాదం అంతస్తులు అంతస్తులుగా చక్కని నీడనిచ్చినా ఏటా ఒకటి రెండుసార్లు పెద్ద పెద్ద ఆకులు కుప్పలుగా రాలుస్తుంది. రావి, మర్రి జాతుల వేళ్లు గోడల్లోకి చొచ్చుకుపోతాయి కనుక వాటికి పెరడు తావు కాదు.

తీరప్రాంతంలో గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నగరంలో అసంఖ్యాకమైన చెట్లను కూల్చింది. త్వరగా ఎదిగి, మెత్తని కలపతో, లోతులేని వేళ్లతో వెడల్పుగా పరుచుకునే తురాయి వంటి చెట్లు పెనుగాలికి తేలికగా లొంగుతాయి. ఆ తరువాత విరివిగా నాటిన ఏడాకుల పాల శీతకాలపు రాత్రుల్లో విడిచే ఘాటైన పూలవాసనపై నగరవాసులు ఫిర్యాదులు చేశారు. ఖాళీని త్వరగా నింపాలన్న ఆత్రంతో ఒకే జాతిని వరుసగా నాటడం ఎంత ఇబ్బందో ఇది చూపుతుంది.

చెట్టుకూ చెట్టుకూ మధ్య ఇరవై మూరలు ఉత్తమమనీ, పదహారు మధ్యమమనీ, పన్నెండుకు తగ్గరాదనీ ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో నిర్దేశించాడు. మూర సుమారు అడుగున్నర గనుక ఇది ముప్పై అడుగులనుంచి పద్ధెనిమిది అడుగుల వరకు వస్తుంది. గోడకూ చెట్టుకూ మధ్య ఎడానికి కూడా ఈ కనీస కొలత చక్కగా సరిపోతుంది. నల్లరేగడిలో ఈ దూరం మరీ అవసరం, ఎందుకంటే తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేలలోంచి వేళ్లు నీటిని లాగినప్పుడు పునాది కింది మట్టి కుంగి గోడలు బీటలిస్తాయి.

తెలంగాణలోనూ ఉత్తర కోస్తాలోనూ తొలకరి వానల తరువాత, నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వేళ మొక్క నాటాలి. మూడడుగుల గుంత తీసి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, సంచిలో చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీసి లేదా కత్తిరించి పాతాలి. ఆ చుట్ట అలాగే ఉంటే చెట్టు పెద్దయ్యాక తల్లివేరు పట్టుతప్పుతుంది. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకటి రెండుసార్లు పాదు నిండా నీరు పోయడం రోజూ చెంబెడు పోయడం కంటె మేలు, ఎందుకంటే లోతుకు దిగిన తడి వెంట వేరు కూడా దిగుతుంది. కింది కొమ్మలను ఒకేసారి కొట్టేయకుండా ఏటా కొన్నిగా తీస్తూ ఏడెనిమిది అడుగుల వరకు మానును శుభ్రం చేస్తే నీడ కింద మనుషులు తిరగడానికి వీలవుతుంది. తల నరకడం మాత్రం ఏ వయసులోనూ తగదు. నరికినచోట గుత్తులుగా లేచే కొమ్మలకు మానుతో గట్టి అతుకు ఉండదు కనుక అవి పెరిగి బరువెక్కాక గాలికి విరుగుతాయి.