డ్రమ్ములో పులిసిన తవుడు

తెల్లారి ఐదున్నర. కైకలూరు దాటి కొల్లేరు వైపు వచ్చారు మీరు. చేపల చెరువు గట్టెక్కగానే ముక్కుకి తగిలేది నీచువాసన కాదు, పులుపు. రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి వాసన, కాస్త కల్లు ఘాటు. నీలం డ్రమ్ము మూత తీస్తే పైన నురగ. తవుడు, బెల్లం, నీళ్లు, ఓ ప్యాకెట్ బాసిల్లస్ పొడి, అంటే మేలు చేసే బాక్టీరియా, ప్రోబయాటిక్. నిన్న సాయంత్రం కలిపారు.

"చెయ్యి పెట్టి చూడండి సార్, వెచ్చగా ఉంటది," అంటాడు గుమస్తా. నిజమే. కుళ్లు కంపు కొడితే మాత్రం డ్రమ్ము మొత్తం పారబోయాల్సిందే.

ఆ తవుడుని మేతలో కలిపి చిల్లుల సంచుల్లోకి ఎత్తుతారు. పడవ కదులుతుంది. వెదురు గెడలకి సంచులు కట్టుకుంటూ పోతారు. రెండో వరుస పూర్తయ్యేలోపే మొదటి సంచి ఊగుతోంది, చుట్టూ నీళ్లు బుడబుడలాడుతున్నాయి. శీలావతులు చిల్లులకి మూతులు ఆనించి మేత లాగుతున్నాయి.

వలకి చిక్కిన ఒకదాన్ని గట్టు మీద కోస్తారు. పేగు చుట్టలు చుట్టలుగా, లాగేకొద్దీ వస్తూనే ఉంటుంది. చేప పొడవుకి ఎన్నో రెట్లు. పోరంతా ఈ పేగులోనే. ఏరోమోనాస్ అనే బాక్టీరియా చెరువు నీళ్లలో మామూలుగా ఉండేదే. నీరు చెడి చేప నీరసించిందా, ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు. బాసిల్లస్ పేగులో ముందే నిండి ఉంటే ఏరోమోనాస్‌కి చోటూ తిండీ కరువవుతాయి. పైగా బాసిల్లస్ వదిలే పదార్థాల్లో కొన్ని మేతని అరిగిస్తాయి, కొన్ని ఆ శత్రువుని అణుస్తాయి.

రైతు తన పాత తప్పు తనే చెప్తాడు. పుండ్లు పడ్డాక కంగారులో యాంటీబయాటిక్కూ ప్రోబయాటిక్కూ ఒకే మేతలో కలిపాడట. మొదటిది రెండోదాన్ని చంపేసింది, డబ్బులు రెండింటికీ పోయాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగితే ఏం లాభం? ప్రోబయాటిక్ రోగం ముదిరాక వేసే మందు కాదు. ప్యాకెట్ మీద బాక్టీరియా పేరు, గ్రాముకి ఎన్ని బతికున్నాయో లెక్క లేకపోతే అసలు కొనొద్దని నా మాట.

ఎండ ముదిరింది. గుమస్తా డ్రమ్ము కడిగి మళ్లీ బెల్లం కొడుతున్నాడు. ఎందుకంటే, మేతలో వెయ్యడం ఆపేస్తే ఆ మంచి బాక్టీరియా పేగులో ఎక్కువ కాలం నిలవదు.