సంగీతపత్రికల రూపము – యువజనుల చూపు



ఉగాదికి ముందు దుకాణమునకు పోయినవాడు, పుట విప్పకమునుపే, అట్టమీది రంగును, బొమ్మను, అక్షరముల తీరును చూచి, ఇది మన యింటికి ఏటేట వచ్చు పంచాంగమేనని గుర్తించును. అచ్చుకాగితము విషయమున మాటకంటె ముందు రూపము పలుకును. ఆ రూపము యువజనులను ఎట్లు పిలిచినదో, వారిని వారికే ఎట్లు చూపినదో, ఇంగ్లండు దేశపు సంగీతపత్రికల చరిత్రమునుండి నేడు మీకు విన్నవింపదలచితిని. వ్యాకరణము చదువుకొన్న ముదుసలి ఉపాధ్యాయునకు పరదేశపు పాటల పత్రికలతో ఏమి పని యని మీరడుగవచ్చును. ఆ పని నా తప్పువలననే కలిగినది.

1988వ సంవత్సరమున నేను ఒక ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పుచుండగా, పదవతరగతి బాలుడొకడు వాచకము నడుమ సినిమా పాటల పుస్తకము నుంచుకొని నాకు దొరికెను. హాలుల ముందు స్వల్పమూల్యమునకు అమ్ముచుండిన ఆ పలుచని పుస్తకములు మీరెఱిగినవే. దాని అట్టమీది చిత్రపు పేరును, అవే వంపులతో, అవే నీడలతో, అతడు తన నోటుపుస్తకమున పుటనిండ వ్రాసి అభ్యసించియుండెను. నేను ఆ రెంటిని చించి పాఱవైచితిని. బాలుడు ఒక్కమాటయు పలుకలేదు. నా ధర్మమును నేను నెఱవేర్చితినని ఆనాడు సంతోషించితిని.

చిరకాలము గడచినది. హైదరాబాదులో పుస్తకములకు అట్టలు కూర్చు వృత్తియందున్న మా తమ్ముని కుమార్తె సెలవులకు వచ్చి, పాత ఇంగ్లీషు సంగీతపత్రికల చిత్రములను నా ముందు పఱచి, "పెదనాన్నగారూ, వీటిని చదవకండి, ముందు చూడండి" అనెను. ఆమె చూపినదియు, పిమ్మట నేను తెలిసికొన్నదియు ఇది.

లండనులో 1926 జనవరిలో మెలొడీ మేకర్ అను మాసపత్రిక వెలువడెను. లారెన్సు రైటు అను పాటల ప్రచురణకర్త దానిని స్థాపించెను. నృత్యశాలలలో వాద్యములు వాయించి జీవించువారికొఱకు పుట్టిన వృత్తిపత్రిక యది. పాట వినువానికి అందులో చోటు స్వల్పము. 1933లో అది వారపత్రికయయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము పరిస్థితి మాఱెను. 1952 మార్చిలో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అను వారపత్రిక బయలుదేఱెను. ఆ యేటి నవంబరు 14వ తేదీ సంచికలో, ఆ వారమున మిక్కిలిగ అమ్ముడైన రికార్డుల పట్టిక యొకటి ప్రకటింపబడెను. పర్సీ డికిన్సు అను పత్రికోద్యోగి సుమారు ఇరువది దుకాణములకు టెలిఫోను చేసి దానిని సమకూర్చెను. పన్నెండు స్థానములు గల ఆ పట్టికలో మొదటిస్థానము ఆల్ మార్టినో అను గాయకునిది. చిన్నపట్టికయే, కాని పెద్దమార్పు. అంతవఱకు వాద్యకారుని అభిప్రాయము ప్రధానము. ఆ దినమునుండి కొనువాని యిష్టము పుటకెక్కెను. అదే సంవత్సరము డిసెంబరులో రేడియో సిలోనునుండి అమీన్ సయానీగారి బినాకా గీతమాల మొదలైనది. ఏ పాట ఏ మెట్టుమీద నున్నదో యని బుధవారపు రాత్రి చెవులొగ్గినవారు మీలో కొందఱుందురు. వారికి ఈ పట్టిక మహిమ వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొనువాడెవడు? యుద్ధము తరువాత ఇంగ్లండున బడి విడిచిన బాలబాలికలకు పనులు సులభముగ దొరికెను. 1938తో పోల్చగా వారి నిజమైన సంపాదన సుమారు సగము పెరిగినదని మార్కు ఏబ్రమ్సు అను పరిశోధకుడు 1959లో వ్రాసెను. చేతిలో పైకము గల యువజనము, చరిత్రలో క్రొత్త. ఆ పైకమును ఉద్దేశించియే ముఖపత్రములపై గాయకుల ముఖములు పెద్దవయ్యెను.

దీనికి ఎదురుగ 1976 జూలైలో ఒక విచిత్రము జరిగెను. లండనులో మార్కు పెర్రీ అను బ్యాంకు గుమాస్తా, పందొమ్మిదేండ్లవాడు, స్నిఫిన్ గ్లూ అను చిన్నపత్రికను తానే టైపు చేసి, శీర్షికలను లావుపాటి కలముతో చేతివ్రాతగ వ్రాసి, నకళ్లు తీసి పంచెను. మొదట తీసినవి ఏబది ప్రతులు. వరుసలు వంకర, కొట్టివేతలు, తప్పులు. మన ఆలంకారికులు వాచ్యమును మించి స్ఫురించు అర్థమును ధ్వని యనిరి గదా! ఆ వంకర అక్షరముల ధ్వని యేమనగా, "దీనికి ధనము వలదు, పెద్దల అనుమతి వలదు, నీవును చేయగలవు" అని. మఱుసటి యేటనే ఆ పత్రిక నిలిచిపోయెను. ఆ ధ్వని నిలిచెను.

వ్యాపారులును ఊరకుండలేదు. 1978లో నిక్ లోగన్ అను సంపాదకుడు స్మాష్ హిట్స్ అను పత్రికను నెలకొల్పెను. మెఱయు కాగితము, రంగుల చిత్రములు, గోడకంటించుకొను పటములు, అన్నిటికంటె ముఖ్యముగ పాటల పూర్తిపాఠములు. దానిని చూచినప్పుడు నేను చించిన పుస్తకము నాకు కన్నులకు కట్టెను. తెనాలిలో నేమి, లండనులో నేమి, తాను విన్న పాట మాటలను అచ్చులో చూచుకొనవలెనను కోరిక యొక్కటియే. ఆ లోగనే 1980లో ది ఫేస్ అను పత్రికను ప్రారంభించెను. 1981నుండి 1986వఱకు దానికి రూపశిల్పియైన నెవిల్ బ్రోడీ శీర్షికలకొఱకు క్రొత్త అక్షరములను తానే గీసెను. 1981లో కెరాంగ్ వచ్చెను. ఆ పేరు, గిటారు తంత్రుల నొక్కపెట్టున మీటిన ధ్వనికి అనుకరణము. మన ఘల్లుమనుట, ఢమ్మనుటవంటిది. దాని అక్షరములను పగిలిన గాజువలె గీసిరి. చెవికి వినబడవలసిన దానిని కంటికి వినిపించిరి.

అద్దమునకు దోషములును కలవు. అది యువకుని ఉన్నవానిని ఉన్నట్లు చూపదు. కొనదగిన వస్తువులతో అలంకరించి చూపును. రికార్డుల సంస్థల ప్రకటనలే ఆ పత్రికలకు గొప్ప ఆదాయము. గిటారు వాయించువారి పత్రికలందు ముఖపత్రముపై పురుషులే మిక్కిలి. బాలికలకు తఱచుగ లభించినది, పటము గోడకంటించి మురియువారి స్థానము. అద్దములో తన ముఖము కానరాని బిడ్డ, తాను లేనేలేనని తలచును. ఇది చిన్నహాని కాదు.

ఆ వైభవమును గడచిపోయినది. మెలొడీ మేకర్ 2000లో తన పోటీపత్రికలోనే కలిసిపోయెను. స్మాష్ హిట్స్ 2006లో ఆగెను. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 2015లో ఉచితపత్రికయై, 2018 మార్చిలో ముద్రిత వారసంచికను మానెను. పాట, పాఠము, పటము, పట్టిక అన్నియు సెల్‌ఫోనులో దొరకుచుండగా కాగితమును కొనువారు తగ్గిరి. కాని ఫోనులో పాటప్రక్కన కనబడు ఆ చిన్నబొమ్మయు అదే విద్యను సాగించుచున్నది.

కావున పెద్దలారా, మీ మనుమలు అట్టి బొమ్మను తదేకముగ చూచుచున్నప్పుడు లాగికొనకుడు. ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్న లడుగుడు: దీనిని ఎవరు గీసిరి? ఎవరికొఱకు గీసిరి? నీచేత ఏమి కొనిపింప దలచినారు? బిడ్డ ఉత్తరము వెదకినచో, మీరిద్దఱును కలిసి చదువుకొన్నట్లే.

ఆనాటి బాలుడు నేడెక్కడ నున్నాడో నేనెఱుగను. అతని పేరు చెప్పను. ఈ మాట అతని చెవిని బడినచో నా విన్నపము: నాయనా, నీవు ఆనాడు అభ్యసించుచుండినది అక్షరలేఖనమే. అక్షరములు నేర్పుటకు జీతము పుచ్చుకొన్నవాడనై యుండియు నేను దానిని గుర్తింపలేదు. తప్పు నాది, మన్నింపుము.

సెలవు.