ఇంటి కంప్యూటరునకు స్వేచ్ఛా వ్యవస్థ

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమునకు చేరువనున్న కిష్టారెడ్డిపేట వంటి ఊళ్లలో నేడు పెక్కు ఇండ్లయందు కంప్యూటరు కలదు. పిల్లల చదువునకును, దరఖాస్తులు నింపుటకును, దూరమందున్న బంధువులతో మాటలాడుటకును అది ఉపకరించుచున్నది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. విండోస్ 11 కోరు హంగులు లేని పాత యంత్రముల గతి యేమి? వానిని పారవేయవలసినదేనా? లేక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం వానికి మరికొంత ఆయువు నొసగునా?

ఆపరేటింగ్ సిస్టం అనగా యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు సాగించు వ్యవస్థ. దాని మూలరచనను ఎల్లరును చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు అనుమతి యున్నచో అది ఓపెన్ సోర్స్. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన వ్యవస్థ తొలినాళ్లలో నిపుణులకే వశమగుచుండెను. ఆదేశములను వరుసగా టైపు చేయజాలని గృహస్థునకు అది ఆనాడు తగియుండలేదనుట సత్యము.

తెలుగువారికి లిపి మరియొక అడ్డంకి. అను ఫాంట్లతో కూర్చిన తెలుగు, ఆ ఫాంట్లు లేని యంత్రమున అర్థము లేని గుర్తులుగా కానవచ్చుచుండెను. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పుననే తెలుగునకు స్థానము లభించినను, గుణింతములు, ఒత్తులు తెరపై చక్కగా అమరుటకు ఏండ్లు పట్టినది. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు ఉచితముగా లభించుట ఈ దారిలో గొప్ప మేలు. 2005లో హైదరాబాదున ఆరంభమైన ‘స్వేచ్ఛ’ సంస్థలో విద్యార్థులును, ఉద్యోగులును చేరి తెలుగు ఆపరేటింగ్ సిస్టంను రూపొందించిరి. పిల్లల కొరకు ‘బాల స్వేచ్ఛ’ను సిద్ధము చేసిరి. ఫైలును ‘దస్త్ర’మనవలెనా, మరియొక పేరిడవలెనా యను విషయమును, ఏ వ్యాపార సంస్థ అనుమతికిని వేచియుండక, తెలుగువారే నిర్ణయించుకొనగలిగిరి. మూలరచన తెరచియుండుట వలన కలిగిన ఫలమిదియే.

ఇక నేటి మాట. ఉత్తరములు వ్రాయుటకు లిబ్రే ఆఫీసు, అంతర్జాలమునకు ఫైర్‌ఫాక్సు కలవు. చదువు, పాటలు, చలనచిత్రములు — వీనికి లోటు లేదు. అయితే ఇంటివద్ద పేజ్‌మేకరుతో, అను ఫాంట్లతో డీటీపీ పని చేసి జీవించువారికిని, టాలీలో లెక్కలు వ్రాయువారికిని ఈ మార్పు సులభము కాదు; ఆ సాధనములు విండోసును నమ్ముకొన్నవి. కొన్ని ప్రింటర్లును మొరాయింపవచ్చును. పేటలోని మరమ్మతుదారునకు లినక్స్ పరిచయము లేనిచో, చిన్న చిక్కు కూడ పెద్దదగును.

కావున పాత యంత్రమును పారవేయుటకు ముందు ఒక పరీక్ష చేయదగును. లినక్సును పెన్‌డ్రైవులో నింపి, లోని డిస్కును తాకకయే కంప్యూటరును దానితో నడిపి చూడవచ్చును. తెలుగు టైపగుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, పిల్లల పాఠము తెరచుకొనుచున్నదా యని ఇంటిల్లపాదియు వారము దినములు పరిశీలించిన పిమ్మట, ముఖ్యమైన దస్త్రములకు నకళ్లు తీసికొని, నిర్ణయించుట మేలు.