పొలం నుంచి మ్యూజియానికి: బమానా చివారా

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో సజ్జ, జొన్న పండించే బమానా రైతులు తలపై ధరించి ఆడిన చెక్క జింక పేరు చివారా. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలు దీన్ని ఆఫ్రికా శిల్పకళకు మచ్చుతునకగా చూపుతాయి. అయితే దీని చరిత్రను శిల్పచరిత్రగా మాత్రమే చదివితే సగమే దక్కుతుంది. చివారా ఎదిగినా, మారినా, మరుగున పడినా, ఆ మలుపులకు ప్రధాన కారణం సేద్యంలోనే దొరుకుతుంది.

ముందుగా రూపాన్నే సాక్ష్యంగా తీసుకుందాం. సగం మనిషి, సగం మృగమైన చివారా తన గోళ్లతో నేలను తవ్వి మనుషులకు సాగు నేర్పాడని, వాళ్లు ధాన్యాన్ని దుబారా చేస్తుంటే చూడలేక భూమిలో కూరుకుపోయాడని బమానా గాథ. అందుకే కమ్మరులు చెక్కే ఈ బొమ్మలో జింక కొమ్ములతో పాటు అలుగు, ఆర్డ్‌వార్క్ వంటి నేల తవ్వే జంతువుల పోలికలు కలుస్తాయి. దీన్ని బుట్టలా అల్లిన టోపీకి బిగించి, ఒంటినిండా నల్లరంగు నారపోగులు కప్పుకొని, చేతికర్రలపై వంగి ఇద్దరు యువకులు ఆడతారు. ఒకటి మగ జింక, రెండోది వీపున పిల్లను మోసే ఆడ జింక. వేషం కట్టేది మగవాళ్లే అయినా పాట అందుకునేది ఆడవాళ్లు. సూర్యుడు, భూమి, నీరు కలిస్తేనే పంట అన్న భావాన్ని పండితులు ఈ జంటలోనూ నారపోగుల్లోనూ చూశారు.

రూపభేదాలను ప్రాంతాలవారీగా విడదీయడం పరిపాటి: తూర్పున సెగూ వైపు నిలువు బొమ్మలు, బమాకో పరిసరాల్లో తల, మొండెం విడిగా చెక్కి అతికిన అడ్డం బొమ్మలు, దక్షిణాన బుగూని వైపు జంతువులు ఒకదానిపై ఒకటి నిలిచే సంక్షిప్త రూపాలు. 1960లో రాబర్ట్ గోల్డ్‌వాటర్ న్యూయార్క్‌లో ఏర్పాటు చేసిన బమానా శిల్ప ప్రదర్శన ఇలాంటి శైలీ పరిశీలనకు ఊతమిచ్చింది. ఈ పటం ఉపయోగకరమే. కానీ శిల్పులూ బొమ్మలూ ఊళ్లు దాటేవి కాబట్టి, ఎక్కడ దొరికిందన్నది ఎందుకు ఆడారన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఆ జవాబు సామూహిక శ్రమలో ఉంది. పొట్టి పిడి పారలతో వరుసకట్టి పొలం తవ్వే యువకులను ఉరకలెత్తించడానికి, వాళ్లలో మేటిని గౌరవించడానికి చివారా ఆడేది. 1890లో ఫ్రెంచివారు సెగూను ఆక్రమించాక పన్నులు, వాణిజ్య పంటలు, వలసలు పెరిగాయి, ఇస్లాం విస్తరించింది, తర్వాత ఎద్దుల నాగలి వచ్చి పారల వరుసను పలచబరిచింది. 1970లో పరిశోధకుడు పాస్కల్ ఇంపెరాటో దీని గురించి రాసేనాటికే చాలాచోట్ల చివారాను నడిపిన దీక్షా సంఘం సడలి, నృత్యం వినోదంగా మిగిలింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. చివారా ప్రధానంగా రహస్య దీక్షకు చెందినదనీ, పొలం పోటీ దాని పైపొర మాత్రమేననీ వాదించవచ్చు. 1980లో దొమినిక్ జహాన్ ఈ జింకల వెనుక విశ్వదర్శనాన్నే చూపాడు. కానీ 2000లో స్టీఫెన్ వూటన్ తన క్షేత్ర పరిశీలన ఆధారంగా ఈ నృత్యాన్ని మేటి రైతు ఆదర్శంతో ముడిపెట్టి, రహస్య దీక్ష మీద ఉన్న పట్టింపును ప్రశ్నించాడు. నిజానికి రెండూ పొసగనివి కావు. దీక్ష లోతును ఇచ్చింది, పొలం కొనసాగింపును ఇచ్చింది. దీక్ష సడలిన చోట కూడా ఆట కొంతకాలం నిలిచిందంటే, రెండో దారమే గట్టిదని తేలుతుంది.

ఈ లెక్కన మ్యూజియం చివారా అబద్ధం కాదు, అసంపూర్ణం. నారవేషం, పాట, చాలాసార్లు జంటలో రెండోది కూడా విడిపోయాక దక్కిన రూపం అది. అమ్మకానికే చెక్కిన కొత్త బొమ్మలను నకిలీలని తోసిపుచ్చేవారు వయసునే కొలమానంగా పెట్టుకుంటున్నారు. బొమ్మ ఎంత పాతదని కాక, ఏ పని కోసం చెక్కారని అడిగితే, పొలంలో ఆడిన బొమ్మనూ బజారుకు చెక్కిన బొమ్మనూ ఒకే చరిత్రలో వేర్వేరు ఘట్టాలుగా చదవగలుగుతాం.