రామదండు: ఊరు విడిచిన చీరాల–పేరాల

బెంగళూరు కంటోన్మెంటు రైల్వే స్టేషనును కన్నడిగులు 'దండు' అంటారు. తెలుగులోనూ దండు అంటే సేనే. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తన స్వచ్ఛంద సేవకులకు 'రామదండు' అని పేరు పెట్టినప్పుడు మాట పాతదే. ఆయుధం లేకపోవడమే కొత్త.

చీరాల, పేరాల గ్రామాలను మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చడంతో ఏడాదికి 4,000 రూపాయలుండిన పన్ను 40,000 రూపాయల దాకా పెరిగింది. నేతపనివారూ, చిన్న రైతులూ అంత భారం మోయలేమన్నారు. 1921 ఏప్రిల్‌లో అక్కడికి వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు సూచించారు: పన్ను నిరాకరించి శిక్షకు సిద్ధపడటం, లేదా పురపాలక పరిధి దాటి వెళ్ళిపోవడం. ప్రజలు రెండవ దానినే ఎన్నుకున్నారు. వేలాదిమంది ఇళ్ళు విడిచి, పొలిమేర బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు. ఊరు లేకుంటే పురపాలక సంఘం ఎవరిని పాలిస్తుంది? ఈ ఒక్క ప్రశ్నే వారి ఆయుధం.

ఎండకూ వానకూ ఓర్చి సుమారు 11 నెలలు నిలిచారు. గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలుశిక్ష వేశారు. నాయకుడూ, డబ్బూ కరువై జనం తిరిగి ఇళ్ళకు చేరారు.

దీనిని ఓటమి అని ఒక్క మాటతో తేల్చలేము. ఇతరులను బాధించకుండా ఎదిరించేవారు ఆ బాధను తామే భరించాలి; దాన్ని పంచుకునేవారు ఎంతకాలం ఉంటే ఉద్యమం అంతకాలమే నిలుస్తుంది. చీరాల మనకు నేర్పే పాఠం ఇదే.